దూరం గది

బెంగళూరు కాటన్‌పేటలో బట్టల కొట్టు అశ్వత్థప్ప ఇంటి పెరట్లో ఓ చీకటి గది ఉంది. సరుకు పెడితే చెమ్మకు పాడవుతోందని ఆడవాళ్లకు వదిలేశారు. నెలకు మూడు రోజులు 'దూరం' ఉన్నవాళ్లు అందులో ఉండాలి. అది పంతొమ్మిది వందల యాభై మూడో సంవత్సరం. కోడలు అనసూయ మళ్లీ అందులో చేరింది.

గుమ్మం అవతల ఎడిత్ దొరసాని కూర్చుంది. దండులో, అంటే కంటోన్మెంటులో, టీచరు. అల్లికలు నేర్పే వంకతో వస్తుంది. మ్లేచ్ఛురాలు, ముట్టుది ఒకచోట కూర్చుంటే తనకేం నష్టమని అత్త నంజమ్మ ఊరుకుంది. అల్లికలో మాత్రం ఇంతవరకు ఒక్క పువ్వూ పూయలేదు. అనసూయ కథ రాస్తోంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తన దేశంలో అచ్చు వేయిస్తానంది ఎడిత్. ఎల్లుండే ఆమె ప్రయాణం. కథలో ఆఖరి ఘట్టం ఇంకా మిగిలే ఉంది.

"మీ నాయిక ఈ తలుపు బద్దలుకొట్టి బయటికి రావాలి," అంది ఎడిత్. "మా దేశంలో మూసిన తలుపంటే జైలు."

"మాకు తెరిచిన తలుపే జైలు దొరసానీ. ఎవరు పిలిచినా పలకాల. ఇది మూసుంటేనే నాకు నేను దొరికేది."

నిజమే. మిగతా రోజుల్లో ఆమె చేతికి గరిటె తప్ప కలం అందదు. ఒక బోనులోంచి తప్పించుకోవడానికి మరో బోనులో దూరాల్సిన బతుకు. తలుచుకుంటే ఏడుపొస్తుంది.

నంజమ్మ అన్నం తెచ్చి ఎడంగా పెట్టింది.

"అత్తా, రవ్వంత మామిడికాయ ఊరగాయ..."

"దూరమున్నదానివి ఊరగాయ అడుగుతావా? జాడీ అంతా పాడైపోతాది." నంజమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "పెండ్లయి ఆరేండ్లాయె. ఈ నెల గూడా ఈడికే వస్తివి. ఇంక నేనాగలేనమ్మీ. రేపే హొసకోటెకు పోయి ఇంకో పిల్లను మాట్లాడుకోనొస్తా. నా కొడుకు వంశం నిలవాల గదా."

అనసూయ అన్నం కంచం దగ్గరికి లాక్కుంది. ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

అత్త వెళ్లాక ఎడిత్ మెల్లగా అడిగింది. "కథ వదిలేద్దామా? వెళ్లి మీ ఇల్లు కాపాడుకోండి."

"వద్దు. ఈ తలుపు నాకు మళ్లీ ఎప్పుడు మూసుకుంటాదో తెలీదు."

అనసూయ లేచి తలుపు దగ్గరగా వేసుకుంది. కలం అందుకుంది.

ఆమెకప్పుడు నెల తప్పి మూడో నెల.