పురుగుల పందెం

పెరడంతా సిమెంటు చేయించి లారీ లోపలే పెట్టుకుంటానని డ్రైవరు లారీ స్టాండులో పదిమంది ముందు అనేశాడు. వీధిలో పెట్టిన లారీ అద్దం ఎవరో పగలగొట్టారు. ఆ కోపంలో అన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట ఇంటికి చేరింది.

భార్య కుట్టు మిషను ఆపేసింది. మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఆమెకు పెరడంటే ప్రాణం. వెనక గుమ్మం దగ్గర మిషను వేసుకుని, చెయ్యి స్కూలు యూనిఫారాల మీద, కన్ను పెరట్లో పురుగుల మీద పెట్టి కుట్టేది. గొంగళిపురుగు గూడు కట్టుకుంటుంటే ఇక ఆ రోజు ఎవరి చొక్కాకు ఎవరి చేతులు అతికించిందో ఆమెకే తెలియదు. ఆ పిచ్చి మొగుడికీ కాస్త అంటించింది. దూరపు ట్రిప్పుల్లో ఏ కొండదారిలోనో వింత పురుగు కనిపిస్తే లారీ పక్కకి తీసి మరీ ఫోను చేసేవాడు. అలాంటి మనిషి సిమెంటు అంటాడా!

అనేశాక వెనక్కి తీసుకోవడం అతని ఇంటా వంటా లేదు. మేస్త్రీ వచ్చి టేపు పెట్టి పెరడు కొలుచుకుని కూడా వెళ్ళాడు. పై వాటాలో ఉండే సైన్సు మాస్టారు రాజీ చేయబోయి, మీ ఆయన పందెంలో ఓడితే తప్ప దిగిరాడమ్మా అని చేతులెత్తేశారు.

నాలుగో రోజు డ్రైవరే కదిపాడు.

"సరే, పందెం. నా దారుల్లో నేను చూసే పురుగులకన్నా నీ పెరట్లో ఒక్క రకం ఎక్కువ చూపించు. ఏడాది గడువు. నేను ఓడితే సిమెంటు ఊసెత్తను."

"నేను ఓడితే?"

"నువ్వే దగ్గరుండి పోయించు."

ఇద్దరికీ చెరో పుస్తకం. మాస్టారు చూసి సంతకం పెడితేనే లెక్క. అతను ఫోనులో ఫొటో తేవాలి. ఆమె పురుగునే ఖాళీ గుండీల డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళి చూపించి, మళ్ళీ పెరట్లో వదిలేయాలి.

రెండు నెలల్లో ఆమె లెక్క నలభై దాటింది. అక్కడ ఆగిపోయింది. చీమలు, మిడతలు, తూనీగలు, అన్నీ అయిపోయాయి. అతను అరవైలో ఉన్నాడు. మేస్త్రీ వీధిలో ఎదురై నవ్వితే చాలు, ఆమె పక్క సందులోకి తిరిగిపోయేది.

అలాంటప్పుడు ఒకరోజు లారీ ట్రిప్పు నుంచి ఖాళీగా వచ్చింది. మడతపెట్టిన టార్పాలిన్‌ను ఆమె పెరట్లో దులుపుతుంటే పెంకుపురుగు ఒకటి టప్పున రాలింది. గోరంత పురుగు. ఆకుపచ్చ ఒంటి మీద బంగారు చుక్కలు. ఈ చుట్టుపక్కల ఆమె ఎన్నడూ చూసింది కాదు.

అటూ ఇటూ చూసింది. మొగుడు స్నానాల గదిలో పాట అందుకున్నాడు. పురుగు పడ్డది పెరట్లోనేగా అనుకుని గుండీల డబ్బా తెచ్చింది.

అప్పట్నుంచి లారీ వస్తే చాలు, మీరు అలిసిపోయుంటారు, టార్పాలిన్ నేను దులుపుతానంటూ ఎదురెళ్ళేది. అతను సరేనని గంటసేపు స్నానం చేసేవాడు. మడతల్లో ఎప్పుడూ రెండో మూడో కొత్తవి దొరికేవి. కట్టుకున్నవాణ్ణి మోసం చేస్తున్నానని ఆమెకు లోపల గుచ్చుకునేది. సిమెంటు గుర్తొచ్చి సర్దుకునేది.

ఓసారి మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని డబ్బాలోకి చాలాసేపు చూశారు.

"ఇది కొండల్లో తిరిగే పురుగమ్మా. మీ పెరట్లోకి ఎలా వచ్చింది?"

"ఏమో మాస్టారూ, నేను దాని అడ్రసు అడగలేదు."

ఆయన నవ్వి సంతకం పెట్టేశారు.

ఆ మధ్యే ఇంకో గొడవ. చొక్కాలు ఉతకబోతే జేబుల్లో ఖాళీ అగ్గిపెట్టెలు. సిగరెట్లు మానేసి నాలుగేళ్ళయిందని అందరికీ చెప్పుకునే మనిషి! ఆ పూట అరగంటసేపు కడిగి పారేసింది. అతను కుక్కిన పేనులా కూర్చుని విన్నాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవలేదని ఆమె తేల్చేసింది.

గడువు చివరి రోజు వచ్చింది. ఇద్దరివీ నూట నాలుగు. సమానమైతే పెరడు పోయినట్టే. మధ్యాహ్నం లారీ వచ్చింది. ఆమె టార్పాలిన్ ఒక్కో మడతా విప్పింది. ఏమీ లేదు. ఏడుపు వచ్చింది. ఆఖరి మూలలో చిన్న ఎండుటాకు అంటుకుని ఉంటే విసుగ్గా లాగి పారేయబోయింది. ఆకుకు కాళ్ళున్నాయి. మెల్లగా నడుస్తోంది.

డబ్బా పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మాస్టారు సంతకం పెట్టారు. నూట అయిదు.

డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. మేస్త్రీకి ఫోను చేసి వద్దని చెప్పాడు. స్టాండులో అందరికీ, పందెంలో ఓడిపోయాను, ఏం చెయ్యమంటారు అని చెప్పుకున్నాడు. అది విని ఆమెకు జాలేసింది. పాపం, ఎప్పటికైనా నిజం చెప్పేయాలి అనుకుంది. తొందరేముంది, ఇంకో రెండు మూడేళ్ళు పోనిమ్మని కూడా అనుకుంది.

తర్వాతి ట్రిప్పు నుంచి తిరిగొస్తూ డ్రైవరు ఎప్పటిలాగే ఊరి బయట లారీ ఆపి, సీటు కింద దాచిన అగ్గిపెట్టెలు ఒక్కొక్కటీ తెరిచి, లోపలి పురుగుల్ని జాగ్రత్తగా టార్పాలిన్ మడతల్లో సర్దాడు.