కప్పెక్కే కోళ్ళు

ఎప్పుడో ఒక పుంజు పెంకుటింటి కప్పెక్కి, ఒక పెంకుముక్క తెచ్చింది. దాన్ని కోళ్ళు ఇప్పటికీ పిల్లలకు చూపించి మురిసిపోతాయి.

ఇప్పుడు పెద్దపుంజు మళ్ళీ కప్పెక్కాలంది. గూటికి పడ్డ కన్నం పూడ్చడానికి ఏరిన పుల్లలన్నీ నిచ్చెనకే వాడేసింది.

"పైన ఏముంది నాయనా?" అని అడిగింది ముసలి పెట్ట.

"పెంకులు. మనం ఎక్కకపోతే పక్కింటి కోళ్ళు ఎక్కేస్తాయి."

"పడితే?"

"పేరు మిగులుతుంది. ఎక్కేది నీ మనవరాలేలే. నేను కిందనుంచి కూస్తాను."

"మరి కన్నంలోంచి పిల్లి వస్తోంది కదా?"

పుంజు జాలిగా నవ్వింది. "అంత ఎత్తునుంచి చూస్తే పిల్లి చీమంతే అవ్వా."

ఆ సాయంత్రమే ఆ చీమ కన్నంలోంచి దూరి, రెండు కోడిపిల్లల్ని నోట కరుచుకుపోయింది.