గైడుగారి నోటికి సెలవు

"నోరు తెరిచారంటే ఇటునుంచి ఇటే ఇంటికి!"

పాత రాజభవనం ముందు సిటీ బస్సు దిగీ దిగగానే భార్య వేలు చూపించి మరీ చెప్పింది. ఒక చేతిలో భోజనం క్యారియరు, ఇంకో చేతిలో చిన్నాడి చెయ్యి. వాడి అక్క అప్పటికే గేటు లోపలికి పరుగెత్తింది.

"అదేంటే, అసలు మాట్లాడొద్దా?" అన్నాడు గైడు.

"మాట్లాడండి. మొగుడిలా మాట్లాడండి, నాన్నలా మాట్లాడండి. గైడులా మాత్రం వద్దు. 'మీ కుడివైపు చూడండి' అన్నారో, పిల్లల్ని తీసుకుని వచ్చిన బస్సే ఎక్కేస్తా. ఊళ్లోవాళ్లందరికీ రాజధాని తిప్పి చూపించారు, కట్టుకున్నదానికి ఇన్నాళ్లకి ఒక్క ఆదివారం దొరికింది. ఇవాళ నాకు గైడొద్దు, మా ఆయన కావాలి."

ఆ చివరి మాట గైడుకు సూటిగా తగిలింది. "ఒట్టు! నోటికి తాళం వేసేశా" అన్నాడు. అనడమైతే అన్నాడు గానీ, ఆయనగారి నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతటికీ తెలుసు.

ఆరోజు లోపలికి టికెట్టు లేదు. అందుకే వీళ్లూ వచ్చారు, ఊరూ వచ్చింది. మొదటి గదిలోనే కూతురు నిలువెత్తు అద్దం ముందు ఆగిపోయింది.

"నాన్నా, ఇదెవరిది?"

ఆ అద్దం ఎవరిదో, ఏ ఓడలో వచ్చిందో, ఆ మూల పగులు ఏ అత్తాకోడళ్ల గొడవలో పడిందో అంతా గైడు నాలుక చివర వరసలో నిలబడింది. భార్య ఓరకంట చూస్తోంది.

"ఎవరో రాణిగారిదై ఉంటుందిలేమ్మా" అన్నాడు గుటక మింగి.

రెండో గదిలో ఇంకా పెద్ద గండం ఎదురైంది. ఎవరో కుర్ర గైడు ఒక గుంపును వెంటేసుకొచ్చి, "ఈ మెట్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయంటే, రాజుగారు గుర్రం మీదే పైకెక్కేవారన్నమాట!" అన్నాడు.

గుర్రమూ లేదు, గాడిదా లేదు! రాజుగారికి మోకాళ్ల నొప్పులు! గైడు ప్రాణం గిలగిల్లాడింది. తేలు కుట్టిన దొంగలా పళ్లు బిగించి, కొడుకు చేతిలోని బిస్కెట్టు లాక్కుని నోట్లో కుక్కుకున్నాడు. వాడు రాగం అందుకున్నాడు. భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నం తోటలో చెట్టు నీడన దుప్పటి పరిచి క్యారియరు విప్పారు. పిల్లలు తిని ఆటల్లో పడ్డారు.

"ఇలా ఎండలో నడిచొచ్చి, ముఖం కడుక్కుని కూచున్నావు చూడు, భలే ఉన్నావే" అన్నాడు గైడు.

"ఇది గైడు మాటా, మొగుడి మాటా?"

"గైడు ఇలాంటివి చెబితే ఉద్యోగం ఊడుతుంది!"

ఆమె పకపకా నవ్వింది. పెళ్లయ్యాక ఇంత తీరిగ్గా కూచున్న రోజు ఇదే. ఇంకొక్క దర్బారు హాలు చూసేస్తే ఒట్టు నిలబెట్టుకున్నట్టే అనుకుని గైడు హుషారుగా లేచాడు.

హాలు మెట్ల మీద తలనెరసిన ఆడవాళ్లూ మగవాళ్లూ దిగాలుగా కూర్చుని ఉన్నారు. వాళ్లను తీసుకొచ్చిన గైడు, కడుపునొప్పి వచ్చి దారిలోనే వెళ్లిపోయాడట. తలుపు దగ్గరి కాపలాదారు, "అదిగో, ఆయన్నడగండి! ఆయన్ని మించినవాడు లేడు" అని వేలు చూపించేశాడు.

ఒక ముసలమ్మ కర్ర ఆనించుకుంటూ వచ్చింది. "నాయనా, నాలుగు ముక్కలు చెప్పవూ? మళ్లీ ఇంత దూరం రాగలమో లేదో."

గైడుకు కథలన్నీ నోటిదాకా తన్నుకొచ్చాయి. భార్య వైపు చూశాడు. ఈ ఒక్కరోజూ పాడు చేస్తే మళ్లీ ఏ ముఖం పెట్టుకుని ఆమెను బయటికి రమ్మంటాడు?

"నేను కాదండీ, ఆయన పొరబడ్డాడు" అన్నాడు తల దించుకుని. "నాకీ ఊరే కొత్త."

ముసలమ్మ ముఖం చిన్నబోయింది. అది చూడలేక, "పిల్లలకి దాహంగా ఉన్నట్టుంది" అంటూ ఇద్దర్నీ లాక్కుని తోటలోని కుళాయి దగ్గరికి పారిపోయాడు. కావాలనే నెమ్మదిగా నీళ్లు పట్టాడు. మాటైతే నిలబెట్టుకున్నాడు గానీ, మనసు మనసులో లేదు.

తిరిగొచ్చేసరికి మెట్లు ఖాళీ. భార్య కూడా లేదు. లోపలినుంచి ఒక్కసారిగా గొల్లుమని నవ్వులు వినిపించాయి.

కంగారుగా హాల్లోకి దూరాడు. ముసలివాళ్లే కాదు, పొద్దుటి కుర్ర గైడు, వాడి గుంపు కూడా వలయం కట్టి నోళ్లు తెరుచుకుని వింటున్నారు. మునివేళ్ల మీద లేచి చూశాడు. మధ్యలో భార్య! అన్నం గరిటె జెండాలా పైకెత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది.

"దగ్గరికి రండి, దగ్గరికి రండి! తల పైకెత్తండి. ఆ దీపాల గుత్తిని దింపడానికి భయపడి రాజుగారు ఏంచేశారో తెలుసా?"

అచ్చంగా గైడు ఆగే చోటే ఆగింది. గైడు దగ్గినట్టే దగ్గింది. "గది నేలనే పైకి లేపించారు!"

మళ్లీ నవ్వులు. గైడు ఆనందం పట్టలేక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ముసలమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత చక్కగా చెప్పావు తల్లీ! ఎన్నిసార్లు వచ్చావేమిటి ఇక్కడికి?"

"ఇదే మొదటిసారండీ" అంది ఆమె, గుంపు వెనకున్న మొగుణ్ని చూసి నవ్వుతూ. "మా ఆయనే, రోజూ రాత్రి నిద్రలో తిప్పి చూపిస్తుంటారు!"