పిడికిట్లో సెన్సర్

సెలవు రోజు, పైగా కరెంటు లేదు. నార్పోలి కార్ఖానాలో మగ్గాలన్నీ చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. మోటార్లు వేడెక్కితే ముందే తెలియాలని రూపేష్ బ్యాటరీతో నడిచే మైక్రోకంట్రోలర్‌కు పొడవాటి వైరుతో వేడిని కొలిచే సెన్సర్ కలిపాడు. బోర్డు మీద ముప్పై ఒక్క డిగ్రీలని వెలిగింది.

"బాపూ, ఆ కొసను పిడికిట్ల పట్టుకో. నీ ఒంటి వేడికి అంకె పెరగాలె."

"పట్టుకున్న బిడ్డా," అన్నాడు గాలయ్య, షెడ్డు ఆ చివర చీకట్లోంచి.

అంకె ఇరవై ఎనిమిదికి, ఇరవై రెండుకి, పద్దెనిమిదికి దిగింది.

"ఇడువు బాపూ."

మెల్లగా మళ్లీ ముప్పై ఒకటి. రూపేష్ వైరు లాక్కుని సెన్సర్‌ను తన గుప్పిట్లో బిగించాడు. అంకె బుద్ధిగా ముప్పై ఐదుకు ఎక్కింది.

"ఏందిరా, సప్పుడు చేస్తలేవ్?" గాలయ్య అడుగులు దగ్గరయ్యాయి. ఎప్పటిలాగే కొడుకు మెడ నిమరడానికి ఆ చెయ్యి చీకట్లో ముందుకొచ్చింది.