గుట్ట కింది తోట

“ఆ జగదీశ్‌గాడు ఫొటోల తోట పెట్టకపోతే మీకు ఈ తిరుగుడు రోగం వచ్చేదే కాదు,” అంటూ యాదయ్య చాయ్ గ్లాసు టక్కున నేలమీద పెట్టాడు. “ఉయ్యాలలంట, రంగుల గొడుగులంట! వాని నోట్ల మన్నువడ.”

ఆయన కూతురు మాలతికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. స్నేహితురాళ్లు సుమన, ఉమలతో కలిసి ఖిల్లా ఘణపూర్ గుట్టెక్కి, కోట చూసి, కింద తోటలో ఫొటోలు దిగి, పొద్దు గూకకముందే వనపర్తి చేరతామని వారం రోజులుగా బతిమాలుతోంది. పెద్దవాళ్ల తోడు లేకుండా ఆమె ఊరు దాటడం ఇదే మొదలు. ఇందులో ఏ తేడా వచ్చినా డిగ్రీకి హాస్టల్ మాట ఎత్తొద్దని తల్లి రుక్కమ్మ ముందే కుండ బద్దలు కొట్టింది. ఒక్క పూట సక్కగ పోయి రానిదాన్ని మూడేండ్లు హాస్టల్ల ఎట్ల ఇడువాలె అని ఆమె వాదన.

“నువ్వే తోల్కపోరాదు?” అంది రుక్కమ్మ పొయ్యి దగ్గర నుంచి.

“నేనా? ఆడ కాలు పెట్ట.”

“కోట ఒక్కటి చూసి వస్తం నాయినా,” అంది మాలతి దిగివచ్చి. “తోటకు పోం.”

యాదయ్య గ్లాసు అంచును వేలితో చాలాసేపు రుద్దాడు.

“తోట లోపట మొత్తం తిరగనిస్తరా?”

“టికెట్ కొంటే ఎంతసేపైనా ఉండొచ్చు.”

“నీ ఫోన్ల మాట్లాడుకుంట అంత చూడొచ్చు గద?”

“వీడియో కాల్ నాయినా. చూడొచ్చు.”

“అయితే పో. తోటకు గూడ పో.”

మాలతి తన చెవులను తానే నమ్మలేకపోయింది. ఆ వెంటనే మొదలైంది పాఠం. యాదయ్య బడి మానేసింది ఆరో తరగతిలోనే, చెప్పడం మాత్రం హెడ్‌మాస్టరులా చెబుతాడు.

“ఎండ ముదరకముందే గుట్ట దిగాలె, మొదటి బస్సుకే పోండ్రి. ఆధార్ కార్డు మరువకు, లేకుంటే కండక్టర్ పైసలు తీస్కొని టికెట్ కొడ్తడు. బస్సు దిగంగనే మళ్లొచ్చే బస్సు ఎప్పుడో అడుగు, గుట్ట దిక్కు తర్వాత చూడు. మనిషికి రెండు సీసాల నీళ్లు. చెప్పులతోని రాళ్లెక్కొద్దు. గోడ అంచుకు నిలబడి ఫొటోలు దిగేటోళ్ల పక్కకు గూడ పోకు. ఏడికి పోయినా ముగ్గురు కలిసే పోవాలె.”

“సరే నాయినా.”

“తోటకు పోయినంక నాకు వీడియో చెయ్యి. మరిస్తివా, చూడు మరి!”

మర్నాడు బస్సులో ఇదంతా విని సుమన పగలబడి నవ్వింది. “మీ నాయిన బస్టాండ్ మైక్ లెక్కున్నడే!”

పదకొండింటికి గుట్ట దిగి తోట గేటు దాటారో లేదో ఫోన్ మోగింది.

“నీ మొకం వద్దు. ఫోన్ అటు తిప్పు,” అన్నాడు యాదయ్య.

మాలతి తిప్పింది. ఉయ్యాలలు, కాగితం పూల పందిరి, గొడుగులు.

“మెల్లగ. ఉరుకుతవేంది? ఆ మూలకేముంది?”

“బాయి. మీద ఇనుప జాలి ఏసిన్రు.”

“నీళ్లున్నయా?”

“ఉన్నయి.”

“ఎంత లోతుకున్నయి?”

“నువ్వు దుంకుతవనుకుంటుండే మీ నాయిన,” అని ఉమ చున్నీ నోట్లో కుక్కుకుంది.

మాలతి చెవులు వేడెక్కాయి. అయితే ఆమె అసలు భయం వేరు. అవతల కంచె దగ్గర శ్రవణ్ కుమార్ ఉన్నాడు. వాళ్ల క్లాసే. తమ్ముణ్ని తీసుకుని వచ్చాడు, వీళ్లను చూసి చెయ్యి ఊపాడు, అంతే. ఆ సంగతి నాయిన నమ్మాలి కదా! ఆ వైపు రాకుండా ఫోన్ గబుక్కున దాటించేసింది.

“ఒక దిక్కు ఇడిసిపెట్టినవ్.”

“ఆడేం లేదు నాయినా.”

“ఏం లేకుంటే చూపియ్యనీకేంది?”

తప్పలేదు. తెర నిండా శ్రవణ్, చేతిలో చెరుకురసం గ్లాసు, మొహాన ఇంత నవ్వు.

“ఆ పిలగాన్ని జర పక్కకు జరుగుమను,” అన్నాడు యాదయ్య.

శ్రవణ్ జరిగాడు. అక్కడ ఇంక పాతిన రాతి కడీల కంచె తప్ప ఏమీ లేదు. అయినా యాదయ్య ఫోన్‌ను అటే పట్టుకొమ్మన్నాడు. ఆమె చెయ్యి నొప్పి పుట్టేదాకా చూశాడు.

“చాలు బిడ్డా,” అని పెట్టేశాడు.

“అయిపాయె,” అంది సుమన జాలిగా. “నీ హాస్టల్ గంగల కలిసింది.”

అయిదింటికల్లా మాలతి ఇల్లు చేరింది. యాదయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె సంచి కూడా దించలేదు.

“నాయినా, వాడు మా క్లాసోడు. వస్తడని మాకు తెల్వదు. నీ మీద ఒట్టు.”

“ఎవడు?”

“వీడియోల... పక్కకు జరుగుమన్నవ్ గద.”

“ఆఁ, వాడా.” యాదయ్య లేచి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “హాస్టల్ ఫారం తెచ్చుకో, నింపుదం.” తువాలు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “మల్ల ఆడికి ఎప్పుడు పోతరు?”

జవాబు కోసం ఆగకుండానే బయటికి వెళ్లిపోయాడు.

మాలతి అయోమయంగా వంటింట్లోకి వచ్చింది. రుక్కమ్మ జొన్నపిండి పిసుకుతోంది.

“అమ్మా, నాయిన ఆ పిలగాన్ని చూడనే లేదు. మరి గంతసేపు ఎవరిని ఎతికిండే?”

రుక్కమ్మ చెయ్యి ఆగింది.

“మనుషులను కాదు బిడ్డా. నువ్వప్పుడు ఐదేండ్ల పిల్లవు, నీకు యాదికి లేదు.” మళ్లీ పిండి మీద చెయ్యి వేసి, తల ఎత్తకుండానే అంది:

“ఆ తోట జగదీశ్ చేతికి పోకముందు మన చేనుండె, ఎకరం పన్నెండు గుంటలు.”