కూతురి మీద ఫిర్యాదు

వృద్ధాశ్రమం మేనేజరు గారికి ఇస్త్రీ మామ్మ చెప్పి రాయిస్తున్నది. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో నేనూ, నా కూతురూ ఇద్దరమే.

నా కూతురు నాకు తిండి పెట్టదు. మంచం దిగలేని నన్ను గాలికొదిలేసి, పాత గడియారాలు విప్పుకుంటూ కూర్చుంటుంది. అయినవాళ్ళు గెంటేసిన ముసలివాళ్ళనే మీరు చేర్చుకుంటారట. నన్ను చేర్చుకోండి.

రాస్తున్న పక్కింటి దర్జీ ఇక్కడ కలం ఆపేశాడు.

"మామ్మా, ఇందాకే కదా అక్క నీకు పాలు తాగించి మూతి తుడిచింది! ఈ అబద్ధం నేను రాయను."

"నువ్వు దర్జీవా, జడ్జీవా? సరే, నిజమే రాసి చావు."

గడియారాలంటే దానికి చిన్నప్పటి నుంచీ ప్రాణం. గంటస్తంభాల గడియారాలు బాగుచేసే పని నేర్పి, ఉద్యోగమిస్తామని దూరపు నగరం నుంచి రెండుసార్లు ఉత్తరం వచ్చింది. "నిన్నెవరు చూస్తారే అమ్మా?" అని రెండూ చింపేసింది. నిన్న మూడోది వచ్చింది. వచ్చే నెలతో దానికి నలభై నిండుతాయి. ఆ తర్వాత ఇక పిలవరు.

అందుకే నన్ను తీసుకుపొండి. అది వచ్చి ఏడ్చినా నన్ను ఇంటికి పంపొద్దు. నేనే ఏడ్చి అడిగినా పంపొద్దు.

వేలిముద్ర: ఇస్త్రీ మామ్మ.

సాక్షులు: రాసిన దర్జీ, గుమ్మంలో నిలబడి అంతా విన్న కూతురు.