వంకర పెగ్గు

"చెయ్యి మార్చకుండా కుదరదా బాబూ?"

బండి వెనక బోర్లా పడుకుని బోల్టుతో కుస్తీ పడుతున్న స్పానర్ మామ తలెత్తాడు. ఎప్పుడొచ్చిందో, ఎవరో పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏ చెయ్యమ్మా?"

"ఈ బండి చెయ్యి. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండేది."

స్వింగ్ ఆర్మ్ గురించి అడుగుతోందన్నమాట.

"ఆ చెయ్యి ఎప్పుడో చేతులెత్తేసిందమ్మా. చక్రం కదిపితే కుక్క తోకలా ఊగుతోంది. ఆర్మ్ మారిస్తే గానీ బండికి ఆరాం లేదు."

తన జోకుకి తనే నవ్వాడు. ఆ షెడ్డులో అతని జోకులకి నవ్వడానికి మామూలుగా ఇంకో మనిషి ఉండడు.

వీధి వీధంతా అతన్ని మామా అనే పిలుస్తుంది. ఇంటికెళ్తే ఏమనీ పిలిచేవాళ్లు లేరు. "వెల్డింగే గానీ వెడ్డింగ్ లేని బతుకు నాది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాడు.

ఆ పాత టూరింగ్ మోటార్‌సైకిల్‌ని తుక్కు కొట్టులో చూసి మనసుపడి తెచ్చుకున్నాడు. బాగుచేసుకుని, షెడ్డుకి తాళం వేసి, రోడ్డు ఎంత దూరం ఉంటే అంత దూరం పోవాలని కోరిక.

"లోపల అరిగిన బుష్షులు మారిస్తే సరిపోదా?" అందావిడ.

"బుష్షులు మార్చినా బుస్సుమంటూనే ఉంటుందమ్మా. ఇంకో పెద్ద బండిది గట్టి ఆర్మ్ దొరికింది, అది ఎక్కించేస్తున్నా. అయినా ఈ పాతదాని అందం చూడండి!"

వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి ఆ ఆర్మ్‌కి రెండు వైపులా పెగ్గులున్నాయి. ఎడమది ఉండాల్సిన చోటే ఉంది. కుడిది బెత్తెడు పైకి ఎక్కి కూర్చుంది.

"ఈ పెగ్గు పెట్టినవాడు ముందు రెండు పెగ్గులు బిగించి ఉంటాడు!"

ఆవిడ నవ్వలేదు.

"కావాలనే అలా పెట్టాడేమో."

"కావాలని వంకరగా ఎవడు పెడతాడమ్మా? ఒళ్లు తెలిసినవాడెవడూ పెట్టడు."

ఆవిడ కొంగుతో సీటు మీద దుమ్ము తుడిచింది.

"అయ్యాక నన్నొక్కసారి వెనక ఎక్కించుకుంటావా బాబూ? వీధి చివరిదాకా చాలు."

"వీధి చివరేంటమ్మా, ఊరి చివరిదాకా తిప్పుతా!"

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చేది. వస్తూనే మూలనున్న చెక్కముక్క లాక్కుని, కుడికాలి కింద పెట్టుకుని కూర్చునేది. ఆవిడ వెళ్లాక మామ దాన్ని మళ్లీ మూలకి తోసేవాడు. "కూర్చోడానికి స్టూలు చాలదు, పాదపీఠం కూడా కావాలి మహారాణీగారికి!"

గొణిగాడే గానీ, టీ గ్లాసు రెండోది కడిగి పెట్టుకోవడం మొదలెట్టాడు. మంచి జోకు తడితే మధ్యాహ్నం దాకా దాచుకునేవాడు.

"ఇవాళ అవుతుందా బాబూ?"

"రేపమ్మా."

"కాస్త తొందరగా..."

"తొందరపడితే బోల్టుకి మర పోతుంది, నాకు మర్యాద పోతుంది."

ఎందుకమ్మా తొందర అని మాత్రం అతను అడగలేదు.

కొత్త ఆర్మ్ ఎక్కింది. చక్రం కదిపితే ఉలుకూ పలుకూ లేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. బండి చుట్టూ తిరిగి, కిందికి వంగి చూసింది.

"కాళ్లెక్కడ పెట్టుకోవాలి బాబూ?"

మామ నాలుక కరుచుకున్నాడు. కొత్త ఆర్మ్‌కి పెగ్గులే లేవు.

"నా వెనక ఎక్కేవాళ్లెవరున్నారమ్మా? ఆ ఆలోచనే రాలేదు. పోనీ, కాళ్లు వేలాడేసుకుని కూర్చోండి, మెల్లగా పోనిస్తా."

ఆవిడ సీటు మీద చెయ్యి వేసి, తీసేసింది.

"వద్దులే బాబూ. పడతానేమో."

"రేపు ఈపాటికి పెట్టేస్తా. తప్పకుండా రండి!"

ఆవిడ టీ ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడ పట్టుకుని మెల్లగా వెళ్లింది. పెద్దతనం కదా అనుకున్నాడు మామ.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. పాత పెగ్గులు పనికొస్తాయని, తుక్కులో వేసిన ఆర్మ్‌ని నిలువునా రెండుగా కోశాడు. పక్క కొట్టు దర్జీ తొంగిచూశాడు.

"ఏంటి మామా, ఇవాళ పాట కూడా పాడుతున్నావు?"

"స్టూలమ్మని షికారు తిప్పాలిరా."

"ఆవిడా? పొద్దున్నే సామానంతా ఎక్కించుకుని పోయిందిగా. చెల్లెలి దగ్గరికట. ఇల్లు ఖాళీ చేసేసింది."

"మళ్లీ ఎప్పుడొస్తుందిట?"

"ఇల్లు ఖాళీ చేసినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు మామా?"

"ఏ ఊరురా?"

"నాకేం తెలుసు? నువ్వు అడగలేదా, రోజూ మాట్లాడుకుంటారుగా!"

మామ రంపం కింద పెట్టాడు.

దర్జీ వెళ్లాక మామ స్టూలు దగ్గరికి వెళ్లాడు. చెక్కముక్క నిన్న ఆవిడ పెట్టినచోటే ఉంది. అలవాటుగా మూలకి తొయ్యబోయి, చేతిలోకి తీసుకున్నాడు.

మందం బెత్తెడు.

కోసిన ముక్కలు రెండూ బల్ల మీద పక్కపక్కన పేర్చాడు. ఎడమ పెగ్గు మీద చెక్కముక్క ఆనించాడు. కుడి పెగ్గు ఎత్తుకి సరిగ్గా వచ్చి ఆగింది.

ఎడమదానికన్నా పొట్టిదైన ఆవిడ కుడికాలు దారి పొడుగునా గాల్లో వేలాడకూడదని, ఆవిడని ఒకప్పుడు ఆ సీటు మీద ఊళ్లన్నీ తిప్పిన మనిషి, ఒళ్లంతా తెలిసే, కావాలనే వంకరగా పెట్టిన పెగ్గు అది.